చిక్కిన మనిషి

గుండిగలో చిక్కుడు గింజలు అడుగంటకుండా దాల్వినా రెండు చేతులా కర్ర తెడ్డు తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా మోచేతుల పైన వేలాడే చర్మం అటూ ఇటూ ఊగుతోంది. ఒకప్పుడు ఆ చేతులు బిగువుగా, నిండుగా ఉండేవి. పొయ్యి ముందు నిలబడితే చేతులకన్నా ముందు పొట్టే గట్టుకి తగిలేది. కాలకుండా నడుముకి తడి తువ్వాలు చుట్టుకునేది. ఇప్పుడు పొయ్యికీ ఆమెకీ మధ్య ఇంకో మనిషి నిలబడేంత జాగా ఉంది. ఆ జాగాకి ఆమె ఇంకా అలవాటు పడలేదు. బల్లల మధ్య నుంచి పోయేటప్పుడు ఇప్పటికీ పక్కకి తిరిగే నడుస్తుంది.

రెసీఫే నగరంలో కొండపేటల పిల్లలు చదివే సర్కారు బడి అది. దాల్వినా ఆ వంటింట్లో చేరినప్పుడు జుట్టు నల్లగా ఉండేది. పొట్ట కోసి చిన్నది చేసే ఆపరేషన్ తర్వాత ఆ జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చి, మళ్ళీ మొలిచినప్పుడు సగం తెల్లగా మొలిచింది. మనిషి మాత్రం సగానికి సగం తగ్గింది.

"సన్నజాజీ, ఉప్పు చూడవే," అంది మార్లూసియా, ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం ముక్కలు కోస్తూ. "వద్దులే, నేనే చూస్తా. ఆ గరిటెడు నాకావంటే నీకు రేపటిదాకా ఆకలుండదు."

మార్లూసియా కూడా భారీ మనిషి. వీళ్ళిద్దరూ వంటింటి గుమ్మంలో ఒకేసారి పట్టరని బళ్ళో పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. నిజంగానే పట్టేవాళ్ళు కాదు. ఒకళ్ళు ఆగి ఇంకొకళ్ళకి దారిచ్చేవాళ్ళు, దానికి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి హాయిగా పట్టేస్తారు. నవ్వడానికేమీ లేదు.

"ఉప్పు సరిపోయింది," అంది దాల్వినా రుచి చూసి.

పిల్లలు తిని పోయాక వంటవాళ్ళు తినడం ఆనవాయితీ. మార్లూసియా పళ్ళెం నిండా అన్నం, గింజలు, మాంసం వడ్డించుకుని కూర్చుంది. దాల్వినా కాఫీ కప్పు కింద పెట్టే సాసర్లో ముందు మాంసం ముక్కలు, వాటి పక్కన రెండు చెంచాల గింజలు పెట్టుకుంది. బెంచీ మీద మడతపెట్టిన తువ్వాలు వేసుకుని కూర్చుంది; కండ కరిగాక ముడ్డెముక చెక్కకి ఒత్తుకుని నొప్పెడుతుంది. ముక్క నోట్లో పెట్టుకుని పిప్పయ్యేదాకా నమిలింది. తొందరపడితే గుండెల్లో రాయి అడ్డం పడ్డట్టవుతుంది. కిటికీలోంచి వాన గాలి కొట్టేసరికి భుజాలు ముడుచుకుంది. రెసీఫేలో చలి వేస్తుందని ఆమెకి ఇదివరకు తెలియదు.

మార్లూసియా సగం తిని చెంచా ఆపింది.

"నీతో కూర్చుని తింటుంటే నాకు దొంగతనం చేస్తున్నట్టుందే," అంది.

"నావైపు చూడకు."

"చూడకుండా ఎలా? ఎదురుగుండానేగా ఉంటావు." కాసేపు పళ్ళెంలో గింజలు అటూ ఇటూ నెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరన్నా వింటారేమో అన్నట్టు తలుపువైపు చూసి, "నొప్పెట్టిందా?" అనడిగింది.

రెండేళ్ళుగా వేళాకోళం తప్ప మార్లూసియా నోటి నుంచి ఆ ఆపరేషన్ గురించి ఇంకో మాట రాలేదు. దాల్వినా నమిలేది మింగి, నోరు తుడుచుకుంది.

"కోసినచోట కొన్నాళ్ళే. మోకాళ్ళు మాత్రం దేవుడిచ్చినట్టే అయిపోయినయ్. సుగరు మందు మానేశా. మళ్ళీ చేయించుకోమన్నా చేయించుకుంటా."

"మరి ముఖం అలా పెట్టుకుంటావేం?"

దాల్వినా సాసర్ పక్కకి జరిపింది. "డాక్టరమ్మ పేరు కావాలంటే చెప్తాను," అంది. మార్లూసియా లేచింది. పళ్ళెం తీసుకుని తొట్టి దగ్గరికి పోయింది. మిగిలిన అన్నం కవర్లో కట్టింది.

ఇంటికి బస్సులో పోవాలి. ఇక్కడి బస్సుల్లో ఎక్కగానే తిరిగే ఇనుప కడ్డీల గేటు ఒకటుంటుంది. డబ్బులిచ్చి దాన్ని నడుముతో నెట్టుకుని లోపలికి పోవాలి. ఎన్నో ఏళ్ళు దాల్వినా అందులో పట్టక, డబ్బులిచ్చి కిందికి దిగి, జనమంతా చూస్తుండగా వెనక తలుపు తీసేదాకా వీధిలో నిలబడింది. ఒకసారి కొత్త డ్రైవరు ఆ సంగతి మరిచిపోయి బస్సు పోనిచ్చాడు. ఇవాళ కడ్డీని ఒక చేత్తో నెడితే చాలు, గిర్రున తిరిగింది. ఈ ఒక్క క్షణం కోసమే ఒక్కోరోజు పని లేకపోయినా బస్సెక్కాలనిపిస్తుంది ఆమెకి. ఎవరో మగమనిషి జరిగి పక్కన చోటిచ్చాడు. ఇంతకుముందు ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. చోటిచ్చినందుకు థాంక్స్ చెప్పింది గానీ, లోపల ఒక కోపం కదిలింది. ఇన్నాళ్ళూ నీ కళ్ళేమయ్యాయిరా అని.

ఆ కోపం రానిది ఒక్క మొగుడు జెనివాల్ మీదే. అతను ఆమెని మొదటినుంచీ చూశాడు.

జెనివాల్‌ది తోపుడు బండి. ఒకవైపు చెరుకు రసం, ఇంకోవైపు నూనె మూకుడు. మాంసమో జున్నో కూరి మడిచిన పల్చటి పస్తెళ్ళు ఆ నూనెలో బూరెల్లా పొంగేవి. నలుగురిలో తినడానికి సిగ్గుపడి, ఇంట్లో తలుపేసుకుని తినే వయసులో దాల్వినా ఆ బండి దగ్గరికి మొదటిసారి వెళ్ళింది. రెండు కట్టమంది, ఇంటికి పట్టుకుపోతానంది. "చల్లారితే నా కష్టం వృథా. ఇక్కడే తినండి," అన్నాడతను. ఆమె బండి వెనక అటు తిరిగి తింటుంటే ఇటు తిరగమన్నాడు. "మీరు తింటుంటే చూసి ఇంకో నలుగురు కొంటారండీ. మీరు డబ్బులివ్వొద్దు." ఆ మాటలో వెక్కిరింత ఎక్కడా లేదు. అతను నిజంగా ముచ్చటపడి చూశాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా తగ్గమని అనలేదు. కన్నతల్లి అంది, పాదిరీ గారన్నారు, దారిన పోయేవాళ్ళన్నారు. అతను ఉదయం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుల పట్టీలు పెట్టేవాడు. ఆదివారం గోళ్ళు తీసేవాడు. ఆమె చెయ్యి అందని చోట వీపు రుద్దేవాడు. సుగరు ముదిరి, నిద్రలో ఊపిరి ఆగిపోతోందని డాక్టరమ్మ హెచ్చరించినప్పుడు, "నాకు నువ్విలాగే చాలు. కానీ నువ్వుండాలి కదే," అని తనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆమె మంచం పక్క కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు.

అలాంటి మనిషికి ఇప్పుడు ఇంట్లో పని లేకుండా పోయింది. చెప్పులు ఆమే పెట్టుకుంటోంది. బండి దగ్గరినుంచి తెచ్చింది ఆమె తినలేదు. మొన్న ఫిబ్రవరిలో పెళ్ళిరోజుకి జున్ను పస్తెలూ, గ్లాసుడు చెరుకు రసమూ తెచ్చాడు. అతని ముఖం చూసి కాదనలేక సగం తింది, రెండు గుక్కలు తాగింది. కాసేపటికే ఒళ్ళంతా చెమట, గుండె దడ, వాంతి. స్నానాల గది తలుపు బయట అతను నేలమీద కూలబడి, "నా చేత్తో విషం పెట్టాను," అంటూ కూర్చున్నాడు. "నీ తప్పు కాదయ్యా," అని ఆమె లోపలినుంచి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి ఇంటికి తినడానికేమీ తేలేదు. బండి దగ్గరే నిలబడి తినేసి వస్తున్నాడు. ఎప్పుడన్నా ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నా, ఆమె ముద్ద నములుతూనే ఉంటుంది, అతను పళ్ళెం ఖాళీ చేసి గోడవైపు చూస్తూ ఉంటాడు.

బస్సు దిగాక కొండమీదికి సిమెంటు మెట్లు. సగం దారిలో ఇరాసి ఇల్లు. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలావిడ. దాల్వినా ఆయాసం తీర్చుకోవడానికని ఆవిడ గుమ్మం పక్క ఒక ఇనుప కుర్చీ వేసి ఉంచేది. ఇద్దరూ కూర్చుని పేట కబుర్లన్నీ మాట్లాడుకునేవాళ్ళు.

"లేడిపిల్లలా పోతున్నావుగా," అంది ఇరాసి గుమ్మంలోంచి. "కాళ్ళు బాగుపడ్డాక ముసలిదాన్ని పలకరించే పనే లేదు."

దాల్వినా ఆగింది. ఆయాసమేమీ లేదు. అయినా వెనక్కి రెండు మెట్లు దిగి కూర్చుంది.

"ఏంటి పెద్దమ్మా కబుర్లు?"

"కబుర్లు నీ దగ్గరే ఉన్నాయి. మీ ఆయన ఇవాళ బండిని ఎవరో కుర్రాళ్ళ చేత కిందికి దింపించాడు. ట్రక్కులో ఎక్కించి పంపాడు. నాకో కొబ్బరి మిఠాయి చేతిలో పెట్టి ఆరోగ్యం జాగ్రత్తన్నాడు. ఎక్కడికిరా అంటే కరువారూ ఊళ్ళో పండగకి అన్నాడు. పండక్కి పోయేవాడు ముసలాళ్ళ దగ్గర సెలవు తీసుకుంటాడా?"

దాల్వినా పై మెట్లవైపు చూసింది. ఇరాసి ఆమె చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వదులు చర్మాన్ని పిల్లి వీపు నిమిరినట్టు నిమిరింది.

"వెళ్ళు. ఇంట్లోనే ఉన్నాడు," అంది.

జెనివాల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర సంచి, పక్కన గోనెలో చుట్టిన మూకుడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు.

"జూన్ పండగకి కరువారూలో మా చిన్నాన్న కొడుకు కొట్టు పెడుతున్నాడు," అన్నాడు. "పస్తెళ్ళు వేసేవాళ్ళు కావాలంట."

"జూన్ అయ్యాక?"

"అక్కడ జనం బాగానే తింటారంట, ఎప్పుడూ."

ఆమె ఎదురుగా కూర్చుంది. "నేనేమన్నా అన్నానా?"

"నువ్వేమంటావే. నువ్వు బాగున్నావు. మెట్లెక్కుతుంటే చూస్తుంటాను కదా, ఎంత బాగుంటుందో." జెనివాల్ గోనె మీది తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "రాత్రి మెలకువ వస్తుంది నాకు. నీ గురక ఉండదు. పక్కమీద ఎవరూ లేరనుకుని చేత్తో తడుముతాను. ఇదివరకు గురక ఆగితే చచ్చిపోయావేమోనని లేచేవాణ్ణి. ఇప్పుడు రాత్రంతా ఆగే ఉంటుంది. డాక్టరమ్మ మంచిదే అంది. తెలుసు. అయినా నిద్ర పట్టదు."

"నేను మళ్ళీ అలా కాలేనయ్యా. కావాలనీ లేదు," అందామె. అబద్ధం ఆడితే ఇవాళ్టికి ఆగుతాడేమో. కానీ ఈ మనిషి దగ్గర ఎన్నడూ ఏదీ దాచుకోలేదు, ఆకలి కూడా.

"అలా అవమని నేనడిగితే నా నోట్లో పురుగులు పడతాయి," అన్నాడు.

మూకుడు దాల్వినా మోసింది. సంచి అతను పట్టుకున్నాడు. దిగేటప్పుడు రెండుచోట్ల ఆగి, కమ్మీ పట్టుకుని రొప్పాడు. అతనూ బరువెక్కాడు, మోకాళ్ళు అరిగాయి. ఆమె కింది మెట్టు మీద నిలబడి, తొందరేం లేదన్నట్టు వీధివైపు చూస్తూ ఆగింది.

స్టాపు దగ్గర వాన జల్లు మొదలైంది. "గ్యాసు బండ మార్చాను," అన్నాడు. "వెనక గది పెంకు సరిచేశా. కారదు."

"మోకాళ్ళ మాత్రలు వేళకి వేసుకో," అంది దాల్వినా.

బస్సు కనపడగానే ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. ఇదివరకు ఎంత చాచినా అతని చేతులు ఆమె వెనక కలిసేవి కావు. వేలి కొసలు అందితే గెలిచినట్టు నవ్వేవాడు. ఇప్పుడు చేతులు ఆమె చుట్టూ తిరిగి, ఒకదాన్నొకటి దాటి, మళ్ళీ తన ఒంటినే తాకాయి. వాటిని ఎక్కడ ఉంచాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత మూకుడు అందుకుని బస్సెక్కాడు. ఇనుప కడ్డీ గేటు దగ్గర ఇబ్బందిపడ్డాడు, పొట్ట లోపలికి పీల్చి, పక్కకి తిరిగి, నెమ్మదిగా దాటాడు. కిటికీ దగ్గర కూర్చుని చెయ్యెత్తాడు.

దాల్వినా ఎక్కడా ఆగకుండా మెట్లెక్కింది. ఇంటికొచ్చి దీపం వేసింది. ఆకలి లేదు. మాత్రలు మింగడానికి రెండు గుక్కల నీళ్ళు తాగి, పెరటి తలుపు గడియ వేయబోయి ఆగింది. చూరు కింద తీగమీద జెనివాల్ గళ్ళ చొక్కా ఉంది. ఉదయం ఉతుక్కుని ఆరేసుకున్నట్టున్నాడు, ఈ వాన గాలికి ఆరలేదు, జల్లుకి ఇంకా తడిసింది. తడి చొక్కా సంచిలో పెట్టుకోలేక వదిలేసి ఉంటాడు. తియ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు భుజాల దగ్గరా కర్ర క్లిప్పులతో, గుండీలన్నీ పెట్టి, ఒక మనిషి పట్టేంత వెడల్పుగా వేలాడుతూ, అది అంచునుంచి బొట్టు బొట్టుగా సిమెంటు నేలమీదికి కారుతోంది.