ఫోర్స్ కొట్టిన బావ

మా అక్క మొగుడికి కంప్యూటర్ కూడా అణకువగా ఉండాలి. ఆయనా నేనూ ఒకే ఆఫీసులో, వరదలను అంచనా కట్టే ప్రోగ్రామ్ మీద పనిచేస్తాం. ఆయన నాకు పై అధికారేం కాదు. వయసులో పెద్ద, అంతే. ఆ కాస్త పెద్దరికంతోనే అందరి నెత్తికెక్కి కూర్చున్నాడు.

మా కోడ్ అంతా, అందరి మార్పుల్నీ ఒకచోట కలిపే గిట్‌లో ఉంటుంది. ఎవరి కాపీలో వాళ్లు మార్పులు చేసుకుని ఉమ్మడి కాపీకి పంపాలి. ఈలోగా ఇంకొకరు ఏదైనా పంపి ఉంటే, ముందు వాళ్లది తెచ్చుకుని కలుపుకోమని గిట్ మనదాన్ని తిప్పి కొడుతుంది. తెర మీద ‘రిజెక్టెడ్’ అని చూపిస్తుంది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు. బావకు మాత్రం అది పరువు సమస్య.

ఆ ప్రోగ్రామ్ నడిచేది క్లస్టర్ మీద, అంటే ఒక గది నిండా కలిపి పెట్టిన కంప్యూటర్ల మీద. దానికోసం అన్ని విభాగాలవాళ్లూ క్యూలో ఉంటారు. నా వంతు కోసం కళ్లు కాయలు కాశాయి. నా కొత్త లెక్క సరిగ్గా వస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఈ నెలతో సరి. వంతు రాగానే ఉమ్మడి కాపీలో ఏముంటే దాన్నే తీసుకుని క్లస్టర్ పని మొదలుపెడుతుంది. పొద్దున్నే నా మార్పులు పంపేసి నిశ్చింతగా టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి నా వంతు వచ్చి అయిపోయింది. ఫలితాలన్నీ పాత చెత్తే. నది కొండెక్కి పారుతోంది.

“బావా, మీరేమైనా పంపారా?”

“ఓ స్పెల్లింగ్ తప్పు దిద్దానమ్మా. నన్ను రిజెక్ట్ చేసింది. నన్ను! ఫోర్స్ అని కొట్టాను, నోర్మూసుకుని తీసుకుంది.”

“ఫోర్స్ కొడితే నేను పంపిందంతా తుడిచిపెట్టుకుపోతుంది.”

“నీ కాపీ నీ దగ్గరుందిగా, మళ్లీ పంపు.”

కాపీ ఉంది. వంతు లేదు. ఆ తేడా ఈయన బుర్రకెక్కించడం నావల్ల అయ్యే పని కాదు. పైగా తీరిగ్గా గోళ్లు చూసుకుంటూ అన్నాడు, “డైరెక్టర్ అడిగితే నీ కోడ్‌లోనే ఏదో తేడా ఉందని చెప్తాలే. చిన్నదానివి, నిన్నేమీ అనరు.”

నాకు ఒళ్లు మండిపోయింది. డైరెక్టర్ గదికి వెళ్తుంటే అక్క ఫోన్ చేసింది.

“ఆయన అంతా చెప్పారే. నీ తప్పేనని ఒప్పేసుకో.”

“నా ఉద్యోగం పోతుందక్కా.”

“పోతే నీకు ఇంకోటి దొరుకుతుంది. ఆయనకి ఎవరిస్తారే?”

పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా అంది. బావను పూచికపుల్లలా తీసిపారేసేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆఫీసు దాటితే నేను ఆయన్ని మర్చిపోగలను. అక్కకు ఆ వీలు లేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

“కుదరదక్కా,” అన్నాను.



“తెలుసులే. వెళ్లి చెప్పు. ఇంటికొచ్చి నామీద ఎగురుతాడు. నాకలవాటేగా.”