తొంభయ్యో రోజు

కోటుకు తొమ్మిదో గుండీ కుట్టి దారం తెంపుతుండగా చెల్లెలి చూపు ఆ కాగితం మీద పడింది.

సోమవారం ఉదయం. అద్దెగదిలో కిటికీ పక్క బల్ల మీద నల్ల ఉన్ని కోటు పరుచుకుని ఉంది. వచ్చే ఆదివారం యూరప్‌లోని ఈ ఊళ్ళోనే చేతికుట్టు కోట్ల పోటీ ఫైనల్. ఎక్కడెక్కడి నుంచో దర్జీలు పంపిన వందల డిజైన్లలోంచి పన్నెండింటిని ఎంచారు. అందులో ఇదొకటి. నియమాలు రెండే. శుక్రవారం నాడే, సాయంత్రం ఆరింటిలోగా, కోటు అప్పగించాలి. ఆదివారం దాన్ని కుట్టిన మనిషి వేదిక మీద దాని పక్కన నిలబడాలి. మనిషి రాకపోతే కోటును పక్కన పెట్టేస్తారు.

ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ బోర్డు కింద కుట్టిన చెల్లెలు మొదటిసారి తన పేరు చీటీ వేసుకున్న కోటు అది.

ఆ కాగితం కోటుతో పాటు ఇవ్వాల్సిన ఫారం, పొద్దున్నే వచ్చింది. చివరి ప్రశ్న: ఫైనల్ రోజుకు మీ వీసాలో ఎన్ని రోజులు వాడినట్టవుతుంది?

"అక్కా, ఆదివారానికి మనవి ఎన్ని రోజులు?"

"తొంభై," అంది అక్క, టీ కప్పులోంచి తల ఎత్తకుండానే. "మొదటి విడత నలభై ఆరు, ఈ విడత నలభై నాలుగు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

అక్క హోటల్ రిసెప్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. పోటీకి ఎలాగూ వెళ్తున్నాం, పనిలో పనిగా యూరప్ అంతా చూసేద్దామని ప్రయాణమంతా ఆవిడే వేసింది. షెంగెన్ వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండనిస్తారు. ఒకే వీసాకు ఒప్పుకున్న యూరప్ దేశాల ఒప్పందం అది; అందులో ఉన్న దేశాలన్నీ కలిపి ఒకటే లెక్క. అందుకే మధ్యలో నెల రోజులు ఒప్పందంలో లేని కొండల దేశంలో గడిపి వచ్చారు. మొత్తం నీలం డైరీలో రాసి ఉంది, గీత కూడా వంకర లేకుండా.

చెల్లెలు పాస్‌పోర్టు తెరిచి ముద్రల మీది తేదీలు చూసింది. అలవాటు కొద్దీ మెడలోని టేపు తీసింది. సెంటీమీటరుకు ఒక రోజు. లోపలికొచ్చిన రోజున ఒక గుండుసూది, బయటికెళ్ళిన రోజున ఒకటి.

"మొదటి విడత నలభై ఏడు వస్తోందే."

"ఎలా వస్తుంది? వెళ్ళిపోయిన రోజు లెక్కలోకి రాదుగా. పదకొండింటికి గది ఖాళీ చేసిన మనిషికి ఆ రోజు బిల్లు వేస్తారా ఎవరైనా? నాకు చెప్తున్నావా నువ్వు."

"నువ్వు రాత్రుళ్ళు లెక్కపెట్టావక్కా."

"అయితే?"

చెల్లెలు కోటు ఎత్తి పట్టుకుంది. "గుండీలెన్ని?"

"తొమ్మిది."

"వాటి మధ్య ఖాళీలు?"

అక్క వేలు కిందికి జారుతూ పోయింది. ఎనిమిది దగ్గర ఆగింది. కప్పు కింద పెట్టింది.

"హోటల్లో ఖాళీలు లెక్కపెడతారు. సరిహద్దులో గుండీలు లెక్కపెడతారు. వచ్చిన రోజూ రోజే, పోయిన రోజూ రోజే," అంది చెల్లెలు. "రెండు విడతలకి చెరొకటి తేడా. ఆదివారానికి మనవి తొంభై రెండు."

అక్క ఫోన్ తీసి ఒప్పందం వాళ్ళ అధికారిక వెబ్‌సైట్‌లో తేదీలు కొట్టింది. ఎర్ర అక్షరాల్లో జవాబు వచ్చింది. రెండు రోజులు అదనం.

"పాత రోజులు లెక్కలోంచి రాలిపోతాయంటారు కదే," అంది గొంతు తగ్గించి.

"రాలతాయి, నూట ఎనభై దాటితే." చెల్లెలు టేపు చివర ఆదివారం మీద పెట్టి వెనక్కి పరిచింది. "మనం అడుగుపెట్టిన రోజు ఇదిగో, నూట ఇరవై రెండు దగ్గరుంది. ఒక్కటీ రాలలేదు."

"రెండు రోజులే కదా. బతిమాలుకుంటే..."

"జరిమానా వేయొచ్చు. మళ్ళీ రాకుండా నిషేధం పెట్టొచ్చు. గెలిచినవాళ్ళని ఏడాది శిక్షణకి మళ్ళీ ఇక్కడికే పిలుస్తారక్కా. గెలిచీ రాలేకపోతే?"

చెల్లెలు కోటును మడవడం మొదలుపెట్టింది, పెట్టెలో సర్దడానికి మడిచినట్టుగా. శుక్రవారమే వెళ్ళిపోతే లెక్క సరిపోతుంది. పోటీ మాత్రం పోతుంది.

అక్క లేచి నిలబడింది. నడుం నిటారుగా అయింది. రిసెప్షన్ బల్ల వెనక అలాగే నిలబడేదేమో.

"టైలరమ్మా, ఆ మడత విప్పు. గదులన్నీ నిండిపోయి గెస్టు ఎదురుగా నిలబడితే మేమేం చేసేవాళ్ళమో తెలుసా? రెండు రాత్రులు పక్క హోటల్‌కి పంపి, గది ఖాళీ కాగానే మళ్ళీ తెచ్చుకునేవాళ్ళం. గెస్టు చేజారేవాడు కాదు."

"అంటే?"

"మన వీసా ఎన్నిసార్లైనా వచ్చిపోయే రకం. ఈ వీసా ఉంటే ఆ కొండల దేశం వేరే అనుమతి అడగదు. రేపు మంగళవారం, ఎనభై ఏడో రోజు, బయటికెళ్తాం. బుధ, గురువారాలు అక్కడ. శుక్రవారం మళ్ళీ లోపలికి. శుక్రవారం ఎనభై ఎనిమిది, శని ఎనభై తొమ్మిది..."

"ఆదివారం తొంభై," అంది చెల్లెలు.

"విమానం ఆదివారం రాత్రి తొమ్మిదికి. ఈసారి గుండీలే లెక్కపెట్టాను."

మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కారు. సాయంత్రం ఏడింటికల్లా పాస్‌పోర్టుల మీద బయటికెళ్ళిన ముద్ర పడింది. ఆ రెండు రోజులూ కొండ కింద చిన్న గదిలో చెల్లెలు కోటు అంచు తిరగేసి, లోపలి లైనింగు మీద ఎర్రదారంతో కుట్లు వేస్తూ కూర్చుంది. గడిపిన ప్రతి రోజుకీ ఒక కుట్టు. అక్క పక్కన కూర్చుని రెండుసార్లు లెక్క చూసింది. ఎనభై ఏడు.

శుక్రవారం ఉదయం ఏడింటికి బయలుదేరిన బస్సు రెండింటికల్లా ఊరు చేరాలి. పదింటికి చక్రం పేలింది. సరిహద్దుకు చేరేసరికి మూడు దాటింది. ముందు నాలుగు బస్సులు. ఇక్కడి నుంచి ఊరికి ఇంకా రెండు గంటలు.

గాజు వెనక అధికారి పాస్‌పోర్టు తిరగేశాడు. మూడు నలభై.

"మంగళవారం వెళ్ళారు. శుక్రవారం వచ్చారు. ఎందుకు?"

అక్క ముందుకు వంగింది.

"నేను తప్పు లెక్కపెట్టాను సార్. దిద్దుకోవడానికి వెళ్ళొచ్చాం."

"ఏం లెక్క?"

"చూపించవే," అంది అక్క.

చెల్లెలు సంచీలోంచి కోటు తీసి అంచు తిరగేసి గాజు ముందు పెట్టింది. పది కుట్లకో చిన్న ముడి. వెనక బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. అధికారి తొందరపడలేదు. వేలు గాజు మీద జరుపుతూ లెక్కపెట్టాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి మీటలు నొక్కాడు. తెర మీది అంకె చూశాడు. మళ్ళీ కోటు చూశాడు.

"ఎనభై ఏడు వాడారు," అన్నాడు. "ఇవాళతో కలిపి మీకు మూడే రోజులు. తెలుసా?"

అక్క విమానం టికెట్ గాజుకు ఆనించింది. ఆదివారం, తొమ్మిది గంటలు.

ముద్ర దభీమని పడింది.

"సరిహద్దు దాటేవాళ్ళందరూ ఇలాంటి కోట్లు కుట్టుకుంటే నాకు పనే ఉండదు," అన్నాడతను పాస్‌పోర్టులు ఇస్తూ.

ఊళ్ళో బస్సు దిగేసరికి అయిదు నలభై రెండు. పెట్టెల పక్కన నిలబడి, "నువ్వు పరుగెత్తు, సామాను నేను చూసుకుంటా," అంది అక్క. చెల్లెలు కోటును రెండు చేతుల మీదా పరుచుకుని, మూడు వీధులు పరుగెత్తి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, అయిదు యాభై ఆరుకు బల్ల మీద పెట్టింది. ఫారంలో చివరి ప్రశ్న ఎదురుగా తొంభై అని రాసింది.

ఆదివారం వేదిక మీద పన్నెండు కోట్లు, పక్కన పన్నెండుమంది మనుషులు. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన, తెల్లజుట్టు దర్జీ, ఒక్కో కోటునీ చూస్తూ వచ్చి నల్లకోటు దగ్గర ఆగాడు. భుజం తడిమాడు. కాజాల్లోంచి గుండీలు తీసి పెట్టి చూశాడు. అంచు తిరగేశాడు.

"లోపల ఈ ఎర్ర కుట్లేమిటి?"

"ఈ కోటు కుడుతూ మీ దగ్గర గడిపిన రోజులు. ఎనభై ఏడు."

"ఇవాళ్టికి అన్నేనా?"

"కాదు. శుక్రవారం నుంచి కోటు మీ దగ్గరే ఉంది. మూడు కుట్లు బాకీ."

పెద్దాయన నవ్వలేదు. అంచును జాగ్రత్తగా సరిచేసి ముందుకు నడిచాడు. అరగంట తర్వాత మైకు ముందు మొదటి బహుమతి ప్రకటించినప్పుడు ఆయన చదివింది నల్లకోటు లోపలి చీటీ మీదున్న పేరు. మూడో వరసలో అక్క లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది. వెనకాయన కూర్చోమన్నా వినిపించుకోలేదు.

రాత్రి ఏడున్నరకు విమానాశ్రయంలో అధికారిణి ముద్ర వేయబోతూ తెర చూసి కనుబొమలు ఎగరేసింది. "తొంభై. ఒక్క రోజు కూడా మిగల్చలేదు మీరు."

"నిండా బుక్ చేయడం మా అక్క వృత్తి," అంది చెల్లెలు.

విమానం కదిలాక ఒళ్ళో కోటు తిరగేసుకుని సూదిలో ఎర్రదారం ఎక్కించింది. ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది. ఆఖరి కుట్టు దగ్గర ఆగి సూది అక్క చేతికిచ్చింది.

"నాకు కుట్టడం రాదే."

"లెక్కపెట్టడం వచ్చుగా. వెయ్యి."

అక్క కళ్ళజోడు సర్దుకుని తొంభయ్యో కుట్టు వేసింది. అదొక్కటే వంకరగా వచ్చింది. చెల్లెలు దాన్ని విప్పలేదు.