ఎర్ర మార్కు

బస్తా మీద ఎర్ర మార్కు ఉంటే ముఠా కూలీలు కొక్కెం వెయ్యరు. అంబాజీపేటలో నలభై ఏళ్ళు కొబ్బరి బస్తాలు మోసేను, నాకు తెలుసు. మామూలు బస్తానయితే కొక్కెంతో పొడిచి లాగి లారీలోకి విసురుతాం. ఎర్ర మార్కుంటే లోపల మొదటి రకం సరుకున్నట్టు. దాన్ని ఇద్దరు పట్టుకుని పసిపిల్లని దింపినట్టు దింపుతారు. వెల పెద్దదైతే మనిషి చెయ్యి మెత్తబడుతుంది. నాకొచ్చిన చదువు ఇదే. బళ్ళో చదివిన మూడేళ్ళు ఎందుకూ పనికి రాలేదు.

ఆ చదువే నా కొంప తీసింది.

మా చెల్లెలు మాణిక్యం మొగుడు పోయేక మస్కట్టు వెళ్ళి, అక్కడ ఒకళ్ళింట్లో వంట చేస్తోంది. ఆ ఇంటి ముసలావిడ చచ్చిపోతే ఆవిడ చెవి మిషను మూలపడింది. మాణిక్యం అడిగి పుచ్చుకుంది, మా సువర్ణ కోసం. సువర్ణ మా అబ్బాయి దానం కూతురు. పదహారో ఏట జొరం వచ్చి చెవులు మందగించేయి. ఎదురుగా నిలబడి అరిస్తే వింటుంది. వెనకనించి పిలిస్తే పలకదు.

ఎనభై మూడులో ఆ పిల్లకి టీచరు ట్రైనింగు సీటొచ్చింది. మా ఇంటా వంటా బల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి లేడు. కాకపోతే చేర్చుకునే ముందు ఒక సోమవారం డాక్టరు చూస్తాడన్నారు. వెనక నిలబడి మెల్లిగా ఒక మాటంటాడంట, అది తిరిగి చెప్పాలంట. మిషను పెట్టుకుని విన్నా ఫరవాలేదన్నారు. మిషను లేకపోతే సీటు లేదు.

పంపమని మాణిక్యానికి నేనే ఉత్తరం రాసేను. అంతకుముందు అది పంపిన పార్సిలు దారిలో ఎవడో కోసి, సబ్బులూ సెంటూ తీసుకుని, ఖాళీ డబ్బా మాకు చేర్చేడు. ఆ మంట నాకుంది. అందుకని ఉత్తరం అడుగున రాసేను, పైన వెల పెద్దది వెయ్యి, కొత్తదని రాయి, అప్పుడు జాగ్రత్తగా తెస్తారు, అని. ఈ ముక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను ఏదీ చెప్పను.

గురువారం పోస్టుమేన్ చీటీ ఒక్కటే తెచ్చేడు. పార్సిలు ఆఫీసులో ఉంది, వచ్చి తీసుకోమన్నాడు. నేనూ దానమూ వెళ్ళేం.

పోస్టుమాస్టరు తాతాజీ గారిది మా దానం ఈడు. నన్ను మోషే అంటాడు, నేను ఆయ్ అంటాను.

"మోషే, పదకొండు వందల ఎనభై రెండు కట్టాలి."

"దేనికండీ?"

"కస్టమ్సు డ్యూటీ. పై దేశం సరుక్కి సుంకం. పదకొండు వందల ఎనభై అది. రెండు రూపాయలు పార్సిలు విప్పి చూసి మళ్ళీ కట్టినందుకు."

లారీలున్న రోజున నాకు పన్నెండు రూపాయలొచ్చేది. అంత పెద్ద సొమ్ము బుర్రకెక్కలేదు. ముందు ఆ రెండు రూపాయల దగ్గరే మండింది.

"విప్పమని నేను చెప్పేనాండీ? నా మూట వాళ్ళు విప్పుకుని, కట్టినందుకు కూలి నా దగ్గరా? మేం చిరిగిన బస్తా కుడితే షావుకారు పావలా ఇస్తాడు. అదీ మేం చింపలేదని తేలితేనే."

"నాన్నా, రెండు రూపాయలు అలా ఉంచు," అన్నాడు దానం. "ఆ పదకొండు వందల సంగతి చూడు."

"చూసేనురా. అయ్యా, అది చచ్చిపోయిన ముసలిదాని చెవిలోంచి తీసింది. దానికి సుంకం ఏంటండీ?"

"కొత్తదని రాసుందే." తాతాజీ గారు పార్సిలు ఇటు తిప్పేడు. మీద అంటించిన పచ్చ కాగితం మీద వేలు పెట్టేడు. "ఇదిగో. చెవి మిషను, కొత్తది, అరవై రియాళ్ళు. రాసింది మీ వాళ్ళే కదా. పాతది, ఏదో కాస్త వెల అని రాసుంటే బహుమతి కింద వదిలేద్దురు. పైసా అడిగేవారు కాదు."

ఇంగ్లీషు నాకు రాదు, అంకెలొచ్చు. ఆరు, పక్కన సున్నా.

"చూసేరాండీ మా అత్త గొప్ప!" దానం గొంతు లేచింది. "మస్కట్టులో ఉన్నానని డాబు. శవం దగ్గర తెచ్చి కొత్తదని రాయించింది. మేనల్లుడి పిల్లకన్నా నలుగురిలో పేరే ముఖ్యమైపోయింది దానికి."

అప్పుడు నేను చెప్పాలి. చెప్పలేదు. తాతాజీ గారి మీద పడ్డాను.

"విప్పి చూసినోడికి కళ్ళు లేవాండీ? పాతదో కొత్తదో తెలీదా? చూసినందుకు రెండు రూపాయలు పుచ్చుకుంటున్నాడు కదా!"

కార్డు కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేరు. తాతాజీ గారు నవ్వలేదు. "నా మీద అరిస్తే ఏం లాభం మోషే. అర్జీ పెట్టుకో, మళ్ళీ వెల కడతారు. నెలా కావచ్చు, రెండు నెలలూ కావచ్చు. అందాకా పార్సిలు కదలదు."

"సోమవారం డాక్టరండీ."

"అయితే కట్టి పట్టుకెళ్ళు. వద్దంటే వారం ఉంచి వెనక్కి పంపేస్తాం."

ఇంటికి రాగానే దానం అంతా చెప్పేసేడు. మా ఆవిడ ఎలీసమ్మ చేట కింద పెట్టి అందుకుంది.

"మీ చెల్లెలికి దేశం మారింది గాని బుద్ధి మారలేదు. చిన్నప్పుడు పండక్కి అరువు గాజులేసుకుని ఊరంతా తిరిగింది కాదూ! అరవై రియాళ్ళంట, అరవై! దాని తల!"

ఎవరి నోళ్ళు ఎలా కదులుతున్నాయో చూసి సువర్ణ గట్టిగా అంది, తన గొంతు తనకి తెలీదు కదా, "మాణిక్యం మామ్మని ఏమీ అనకండి. పంపింది ఆవిడొక్కతే."

ఆ పిల్ల మొహం చూడలేక బయటికొచ్చేసేను.

మా ఇంటి చుట్టూ ఆరు కొబ్బరి చెట్లు. నేను పాతినవే. శుక్రవారం కొబ్బరి షావుకారు పెదబాబు గారి కొట్టుకెళ్ళి మూడేళ్ళ ఫలసాయం ఇచ్చేస్తానన్నాను. సొమ్ము ముందే కావాలన్నాను. ఆయన కాగితం రాయించేడు.

"రాలిన కాయ కూడా నాదే మోషే. తర్వాత తగువొద్దు."

"ఆయ్."

"మీ చెల్లెలు రియాళ్ళు గడిస్తుంటే నువ్వు చెట్లు రాసియ్యడం ఏంటయ్యా?"

సంతకం పెట్టేను.

శనివారం పార్సిలు ఇంటికి తెచ్చేను. దానం విప్పేడు. అరచేతంత పెట్టె, ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే గుండీ. గుండీకి ఆ ముసలావిడ గులిమి ఇంకా పచ్చగా అంటుకునే ఉంది. కొత్తదంట! నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె కింద మడిచిన కాగితం ఉంది. నేను చెయ్యి చాపేను.

సువర్ణ ముందే తీసేసింది. వెలుతురు కోసం నాకు వీపు పెట్టి పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఇటియ్యమ్మా, నేను చదువుతాను," అన్నాను. "సువర్ణా, ఇటియ్యి!"

వెనకనించి పిలిస్తే పలకదని చెప్పేను కదా. వీధంతా వినేలా చదివింది.

"అన్నయ్యకి. నువ్వు చెప్పినట్టే కొత్తదని రాయించేను. అరవై రియాళ్ళు వేయించేను. నాతో పని చేసే మలబారావిడ వద్దంది. పాతదని రాస్తే సుంకం పడదంది. మా అన్నయ్య చెప్పేక మళ్ళీ మాట లేదన్నాను. పిల్ల బాగా వినాలి..."

అక్కడ ఆగి నా వైపు తిరిగింది. అందరూ నన్నే చూస్తున్నారు.

ఎలీసమ్మ లేచింది. "నువ్వు రాయమన్నావా?"

"దొంగలకి భయపడి..."

"దొంగల మాట కాదు నేనడిగింది. మూడు రోజులు! ఆ ఆడకూతుర్ని నా నోటితో తిట్టించి, పక్కన కూచుని అన్నం తిన్నావు. మాటలు తక్కువ మనిషి, మంచోడనుకున్నాను ఇన్నేళ్ళూ. మంచితనం కాదు, దొంగతనం నీది. సబ్బులు తీసినోడే నయం."

దానం తల దించుకుని అన్నాడు, "శవం దగ్గర తెచ్చిందన్నాను నాన్నా. పదిమందిలో అన్నాను. నువ్వక్కడే నిలబడ్డావు."

 

సువర్ణ అవేమీ పట్టించుకోలేదు. గుండీ తుడిచి చెవిలో పెట్టుకుంది. పెట్టెకున్న చిన్న చక్రం తిప్పితే సన్నగా ఈల వేసింది. కొంచెం వెనక్కి తిప్పింది. పెరడు దాని వీపువేపుంది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది.

"తాతయ్యా, కాయ పడింది!"

అవును, పడింది. వెనక మూల చెట్టు కింద. మా గొడవలో మేమెవరం వినలేదు. ఎలీసమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సువర్ణ పరిగెత్తుకెళ్ళి కాయ రెండు చేతులా పట్టుకొచ్చింది.

"అక్కడ పెట్టు," అన్నాను. "మనది కాదు. పెదబాబు గారిది."

దాని మొహం అలా ఉండిపోయింది. బాగానే విన్నది.

కాయ భుజాన పెట్టుకుని కొట్టుకి నేనే నడిచేను. తిరిగొస్తూ పై దేశం ఉత్తరం కాగితం ఒకటి కొన్నాను. తప్పు నాది అని రాయడానికి మూడేళ్ళ చదువు చాలు. అదే రాసి, ఈసారి దానానికిచ్చి చదవమన్నాను. చదివేడు. మడిచి అంటించేడు.

మూడేళ్ళూ చెట్లు కాస్తూనే ఉన్నాయి. ట్రైనింగు సెలవులకి వచ్చినప్పుడల్లా సువర్ణకే ముందు వినపడేది. "తాతయ్యా, కాయ పడింది," అనేది. ప్రతిసారీ లేచి, మోసుకెళ్ళి, ఇచ్చొచ్చేవాణ్ణి.