నీలవేణి చిత్తు పుస్తకం

నేను ఒక చిత్తు పుస్తకాన్ని. నీలం అట్ట, వెనకాల ఎక్కాలు. పాత కాగితాలు నానబెట్టిన గుజ్జులోంచి పుట్టాను కాబట్టి మా వంశం ఏమిటో నాకు తెలియదు. ఏ శుభలేఖో, ఏ కోర్టు నోటీసో. ఉద్దానం వైపు ఒక చిన్న ఊళ్లో, పుస్తకాల కొట్లో దుమ్ము తింటున్న నన్ను జూనియర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ ఉమాపతి మాస్టారు కొనుక్కున్నారు. నాటకం రాయాలని ఆయన కోరిక. పదకొండు పేజీలు రాశాక పాత్రలన్నీ ఒకే గదిలో ఇరుక్కుపోయాయి. వాటిని బయటికి తీసుకురాలేక నన్ను మూసేశారు.

అలాంటప్పుడు నీలవేణి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. బెంగళూరులో ఒక కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. ఆ కాలేజీ వాళ్లకు మార్కులొక్కటే చాలవట. నువ్వెవరో ఆరువందల మాటల్లో రాసి పంపమన్నారట.

"లెక్కలిస్తే చేస్తాను గానీ మాస్టారూ, నేనెవరో నాకేం తెలుసు?" అంది దిగాలుగా.

మాస్టారు తన పదకొండు పేజీలూ చించి జేబులో పెట్టుకుని నన్ను ఆమె చేతికిచ్చారు. "ముందు తెలుగులో రాసుకోమ్మా. ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం."

నీలవేణి మొదటిసారి దేశసేవ గురించి రాసింది. మాస్టారు చదివి, "ఇందులో నీ పేరు తీసి నా పేరు పెట్టినా చెల్లిపోతుంది" అన్నారు.

రెండోసారి తల్లి గురించి రాసింది. దాలమ్మది జీడిపిక్కలు కొట్టే పని. తొక్కలోంచి చిమ్మే నూనె చేతుల్ని కాల్చి నల్లబరుస్తుంది. వేలిముద్రలు కూడా అరిగిపోతాయి. కష్టం చూపిస్తే సీటు ఖాయమని ఎవరో చెప్పారట. అందుకని ఆ చేతుల పక్కన కన్నీళ్లు చేర్చింది, పస్తులు చేర్చింది. ఆ ఇంట్లో పస్తులు నేనెన్నడూ చూడలేదు. నా అట్ట మీదే చారుగిన్నె దింపేవాళ్లు.

సాయంత్రం పనినుంచి వచ్చిన తల్లికి గర్వంగా చదివి వినిపించింది. దాలమ్మ కంచం పక్కకు జరిపింది.

"నానేడిసినట్టు రాసినావు. ఎప్పుడేడిసినాను?"

నీలవేణి నన్ను మూసేసింది.

"నా సేతులు సూపించి సీటు అడుక్కుంటావేటే?"

అంతే. ఆ పూట ఎవరూ తినలేదు. నీలవేణి ఆ పేజీలను ఎంత గట్టిగా కొట్టేసిందంటే, కిందున్న మూడు కాగితాలకు గాట్లు పడ్డాయి. మనుషులకు కోపం ఎవరి మీదైనా రానీండి, దెబ్బలు మాత్రం కాగితానికే.

మర్నాడు పొద్దున్న తల్లి జడ వేసుకుంటుంటే వెనక చేరి అడిగింది. "మరేటి రాయాలమ్మా?"

దాలమ్మ జడ కొస ముడి వేసుకుంది. తర్వాత, "ఆ రేసను మిసను సంగతి రాయి" అంది.

అది రెండేళ్ల కిందటి సంగతి. రేషన్ దుకాణంలో మిషను దాలమ్మ వేళ్లను గుర్తుపట్టలేదు, డీలర్ బియ్యం ఇవ్వలేదు. ఆ వీధిలో ఇంకో పదమూడు మంది ఆడవాళ్లదీ అదే గతి. పదిహేనేళ్ల నీలవేణి మండలాఫీసుకు నాలుగుసార్లు నడిచింది. కంటిపాపను చూసే మిషను కూడా ఉంటుందని తెలుసుకుని, పద్నాలుగు అర్జీలు తనే రాసి, అది తెప్పించింది.

"నాను డీలర్‌ని దొంగని తిట్టేసినాను కదమ్మా. ఆయన తన ఇంటి బియ్యం ఇద్దరు ముసిలోళ్లకి కొలిసిచ్చినాడని తర్వాత తెలిసింది. అదెలా రాసేది?"

"తప్పు సేస్తే తప్పే రాయాల. మళ్లీ యెల్లి మన్నించమన్నావు కదా, అదీ రాయి."

నీలవేణి రాసింది. ఈసారి కలం ఆగిన చోట్ల ఆగింది గానీ, అబద్ధం కోసం ఎక్కడా వెతుక్కోలేదు. మాస్టారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, రెండు అక్షరదోషాలు మాత్రం దిద్దారు. ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి మారిస్తే నలభై మాటలు ఎక్కువయ్యాయి. తనను తాను పొగుడుకున్న వాక్యాలు తీసేస్తే లెక్క సరిపోయింది.

వేసవిలో సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో వాళ్లు అర్జీల గురించి కన్నా డీలర్‌కు క్షమాపణ ఏమని చెప్పుకుందో ఎక్కువ అడిగారట.

బయల్దేరేరోజు దాలమ్మ కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, "అది ఓపాలి సదువు" అంది. నీలవేణి చదివింది. డీలర్ని తిట్టిన చోట దాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరిదాకా విని, "ఇందల నానున్నాను" అంది.

నన్ను గూట్లో పెట్టి ఇద్దరూ స్టేషనుకు వెళ్లారు. తిరిగి ఒక్కతే వచ్చింది.

దాలమ్మకు చదువు రాదు. అయినా ఆదివారాలు నన్ను దించి, దులిపి, ఒళ్లో తెరిచి, వరసల వెంట వేలు నడుపుతుంది. ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుంటుంది. నేనేమీ అనను.