లేవి దాచుకున్న అట్టపెట్టె

బద్వేలులో బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేసే లేవి కూతురు జెస్సీకి ఏ యంత్రమన్నా బెదురు లేదు. చిన్నాన్న కొడుకు ఇచ్చిన పాత మ్యాక్ కంప్యూటర్ ముందు పొద్దున కూర్చున్నప్పుడు కూడా, "మధ్యాన్నానికంతా అయిపోతాది నాయనా" అని ధీమాగా చెప్పింది.

మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోతే మోటారును దానంతటదే ఆపేసే సర్క్యూట్ తను సొంతంగా గీసింది. ఆ ఫైలు సాయంత్రం ఐదుకల్లా బెంగళూరులో సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్ళకు పంపాలి. ఆలస్యమైతే, దాన్ని తన బోరుకు పెట్టించుకుంటానన్న రైతు లక్ష్మక్క ఆగదు. ఇప్పటికే ఒక మోటారు కాల్చుకున్న మనిషి. కడపకు పోయి రెడీమేడ్‌ది తెచ్చి బిగించేసుకుంటుంది. జెస్సీ మొదటి సర్క్యూట్ కాగితం మీదే ఉండిపోతుంది.

పాత ల్యాప్‌టాప్ ఇక లేవనని పడుకుంది కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఫైలును తెరిచి సరిచూసి పంపడానికి, సర్క్యూట్లు గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మ్యాక్‌లోకి దించింది. ఎవరు చేశారో తెలియనిదాన్ని తెరవనని మ్యాక్ మొండికేసింది. సెట్టింగుల్లోకి పోయి అనుమతి ఇచ్చి దాని నోరు మూయించింది. తెరుచుకుంది. కానీ రిలేలు, ట్రాన్సిస్టర్లు లాంటి భాగాల బొమ్మలు ఉండాల్సిన చోటల్లా ప్రశ్న గుర్తులే! సరిగా దిగలేదేమోనని తీసేసి మళ్ళీ దించింది. మళ్ళీ అవే ప్రశ్న గుర్తులు. అప్పటికే మూడు దాటింది. జెస్సీకి ఒళ్ళు మండిపోయింది.

పక్కన లేవి కొత్త సోల్డరింగ్ మిషన్‌ను అట్టపెట్టెలోనే ఉంచి, వైరు చివరనున్న వేడి కాడ మాత్రం బయటికి లాగి ఏదో అతుకుతున్నాడు. ఆ కోపం కాస్తా ఆయన మీదికి మళ్ళింది.

"ఏం నాయనా, అది తెచ్చి ఏడాదాయె. ఇంగా పెట్టెలో పెట్టుకోనే అతుకుతాండావా?"

"దుమ్ము పడ్తాది మా. పెట్టెలో ఉంటే ఏం? పని జరుగుతాంది గదా."

"యాడ జరుగుతాంది? వైరు అందక వంగి వంగి చేస్తాండావు" అని నవ్వబోయి, జెస్సీ టక్కున ఆగిపోయింది.

తను చేస్తున్నదీ అదే. దించుకున్న ఫైలు ఒక పెట్టె. అందులోని సాఫ్ట్‌వేర్‌ను బయటికి తీసి అప్లికేషన్ల ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. తను తీయకుండా లోపలున్నదాన్నే నొక్కుతోంది. అక్కడినుంచి దానికి భాగాల బొమ్మలు అందడం లేదు. పొద్దున్నుంచీ అచ్చం నాయన కూతురిలాగే కూర్చుంది మహాతల్లి!

గబగబా సాఫ్ట్‌వేర్‌ను ఫోల్డర్‌లోకి లాగి, పెట్టెను మూసేసి, మళ్ళీ తెరిచింది. రిలేలు ఎక్కడివక్కడ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, ఐదు కాకముందే ఫైలు పంపించింది. వెంటనే లక్ష్మక్కకు ఫోన్ చేసింది.

"పంపించినానక్కా. బోర్డు వచ్చినాంక నేనే వచ్చి బిగిస్తా. నువ్వు కడపకు పోవాకు."

"పోన్లే పాపా, నీ మాట మీదే ఉంటా" అంది లక్ష్మక్క.

లేవి అంతా వింటూనే ఉన్నాడు. లేచి, సోల్డరింగ్ మిషన్‌ను పెట్టెలోంచి బయటికి తీశాడు. భుజం మీది తువ్వాలతో తుడిచి, జెస్సీ కుడిచేతి వైపు పెట్టాడు. అట్టపెట్టెను కాలితో తొక్కి చదును చేశాడు.

"ఇది నీకోసమే తెచ్చింటి మా. నీ చేతికొచ్చేలోపల పాడైపోతాదేమోనని దాచింటి. ఇంగ నీదే."

జెస్సీ కళ్ళు నిండిపోయాయి. మిషన్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది.