కూరల డబ్బు

రెండో వాయి ఇడ్లీలు దింపేసరికి ఐదున్నర దాటింది. చిట్టమ్మ తడిచేసిన చెంచా తిప్పి ఒక్కొక్క ఇడ్లీనీ గుంటలోంచి లేపుతూ మెట్ల వైపు చెవి పెట్టింది. శనివారం. ఈపాటికి బజారు వంతు పిల్లలిద్దరూ సంచులు దులుపుకుంటూ దిగాలి. కీర్తన ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాగశ్రీ ఏదే?"

"డాబా మీదుంది పిన్నీ. నన్ను రావద్దంది."

చిట్టమ్మ పొయ్యి తగ్గించి, చేతులు చీరకు తుడుచుకుని మెట్లెక్కింది. పొట్టి మనిషి, యాభై రెండేళ్ళు. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. జాలరిపేటలో పుట్టి, ఆ పేటలోనే కాపురం చేసి, భర్త తాతబాబు జ్వరంతో పోయాక పెందుర్తిలోని ఈ ఆడపిల్లల హాస్టల్‌కు వంటకు వచ్చింది. తొమ్మిదేళ్ళయింది. పాలిటెక్నిక్ చదివే నలభై మందికి మూడు పూటలా వండిపెట్టడం, గిన్నెలు తోమించడం, పొద్దుగూకాక ఇడ్లీ పిండి రుబ్బి మూతపెట్టడం. ఇంతకు మించి ఆమె గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ కనిపించేది కాదు.

ఒక్క బజారు సంగతి తప్ప. కూరలు కొనే పని పిల్లలకు అప్పగించమని రెండేళ్ళ క్రితం వార్డెన్ రోజారమణిని అడిగింది చిట్టమ్మే. "ఆల సేతికి డబ్బివ్వండమ్మా. తప్పు సేత్తే మనం ఉండగానే సేత్తారు" అంది. అప్పటినుంచి వారానికి ఇద్దరు పిల్లలు, ఆరువేల రూపాయలు. చిట్టమ్మ వెనకే నడిచేది, నోరు మెదిపేది కాదు. మొదటి నెలలోనే పిల్లలు చవగ్గా వస్తున్నాయని ఇరవై కిలోల టమాటాలు కొన్నారు. బుధవారానికి అవి ఏమవుతాయో ఆమెకు తెలుసు. అయినా ఒక సంచి తనే నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. బుధవారం పిల్లలు ముక్కులు మూసుకుని కుళ్ళినవి ఏరి పారబోశారు. తర్వాత ఎవరూ నాలుగు కిలోలు దాటించలేదు.

డాబా మీద నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుంది నాగశ్రీ. పదిహేడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న కోనసీమ నుంచి వచ్చి పోర్టులో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ఫోను వెలుగుతోంది.

"డబ్బు లేదు పిన్నీ" అంది తల ఎత్తకుండానే.

అడగకుండానే అంతా చెప్పేసింది. ఎవరో ఒక గ్రూపులో చేర్చారు. ఆన్‌లైన్‌లో హోటళ్ళకు స్టార్లు పెడితే డబ్బిస్తామన్నారు. మొదటిరోజు నూట యాభై, రెండోరోజు మూడొందలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. తర్వాత వెయ్యి కడితే పదిహేను వందలన్నారు. తన దగ్గరున్నవి అయిపోయాయి. గురువారం కూరల డబ్బు చేతికొచ్చింది. తెల్లారేసరికి తిరిగొచ్చేస్తాయి కదా అనుకుని అదీ కట్టేసింది.

"ఇంకో ఐదువేలు కడితే మొత్తం వెనక్కొస్తుందంట. లోను యాప్‌లో అడిగాను. ఆధార్ ఫోటో పెడితే పది నిమిషాల్లో వేస్తారు."

"పెట్టీసినావేటి?"

"ఇంకా లేదు."

"ఆ ఫోను కిందెట్టు ముందు."

నాగశ్రీ ఫోను గట్టు మీద పెట్టి చిట్టమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వైనా ఇవ్వు పిన్నీ. సాయంత్రానికి ఇచ్చేస్తాను. ఎవరికీ తెలీదు."

చిట్టమ్మ బొడ్డులో దోపుకున్న గుడ్డసంచిలో నలభైవేలున్నాయి. నిన్ననే బ్యాంకులో తీసింది. అచ్యుతాపురంలో, ఫ్యాక్టరీలకు షిఫ్టుల మనుషులు దిగే చోట, చిన్న టిఫిను కొట్టు అద్దెకు మాట్లాడుకుంది. రేపు ఆదివారం అడ్వాన్సు ఇచ్చి తాళం తీసుకోవాలి. వెళ్ళిపోతున్నట్టు రోజారమణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందులోంచి ఐదువేలు తీసి ఈ పిల్ల చేతిలో పెట్టడం ఎంతసేపు? చెయ్యి నడుము దాకా వెళ్ళింది కూడా.

తాతబాబు గుర్తొచ్చాడు. ఒక ఏడాది వలకు మంచి ధర పలికే కోనాం చేపలు విరగబడి పడితే, ఆ డబ్బంతా పెట్టి మోటారు సైకిలు కొన్నాడు. వేసవిలో సర్కారు వేట ఆపిన రెండు నెలలూ పడవలు ఇసకలో ఉండిపోయాయి. బియ్యానికి లేక ఆ బండిని సగం ధరకు అమ్మాడు. ఇంటికి నడిచొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు ఆమె కూడా ఎవరికీ తెలియకూడదనే అనుకుంది. తెలియనివ్వలేదు. మరుసటేడు మళ్ళీ అదే జరిగింది.

"నానివ్వను" అంది చిట్టమ్మ. "ఇచ్చినానంటే నువ్వు ఎవులికీ సెప్పవు. ఆ దొంగోడికి మల్లీ కడతావు."

"అందరికీ చెప్పాలా?"

"అందరిదీ కదమ్మా ఆ డబ్బు."

"నవ్వుతారు పిన్నీ."

"నవ్వుతారు. తిడతారు కూడాను. నాను నీ పక్కనుంటాను."

కీర్తనను పిలిచి సైబర్ మోసాల నంబరుకు ఫోను చేయించింది. వివరాలు రాసుకున్నారు. డబ్బు వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

ఆ రోజు కూరలు లేవు. చిట్టమ్మ డబ్బాలన్నీ దించి కందిపప్పు ఉడికించింది, చింతపండు చారు కాచింది, వేరుశనగలు వేయించి పచ్చడి నూరింది. మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నాక నాగశ్రీ లేచి నిలబడింది. ఆమె వెనక చిట్టమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

నాగశ్రీ మొదటి రెండు మాటలూ ఎవరికీ వినపడలేదు. తర్వాత గట్టిగానే చెప్పింది. హోటళ్ళూ, స్టార్లూ, నూట యాభై, ఆరువేలు. ఎవరో కిసుక్కున నవ్వారు. "మా తిండి డబ్బులే అవి!" అని ఇంకొకరు అరిచారు. నాగశ్రీ కూర్చోలేదు.

అప్పుడు చివరి వరసలో దేవిశ్రీ కంచం పక్కన పెట్టేసి ఫోను పైకెత్తింది.

"ఆ గ్రూపు పేరేంటే?"

నాగశ్రీ చెప్పింది.

"నేనూ అందులోనే ఉన్నాను. నిన్న నాకు మూడొందలొచ్చాయి. సాయంత్రం రెండువేలు కట్టమన్నారు." దేవిశ్రీ ముఖం పాలిపోయింది. "ఫీజు డబ్బులోంచి కట్టేద్దామనుకున్నాను."

ఇంకో ముగ్గురు చేతులెత్తారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

భోజనాలయ్యాక పిల్లలంతా నేలమీదే ఒక నోటుపుస్తకం చుట్టూ చేరారు. ఆదివారం కోడికూరకు వార్డెన్ దగ్గర విడిగా ఉన్న రెండువేల నాలుగొందలతో ఈ వారం కూరలు గడుపుకోవాలన్నారు. నాగశ్రీ స్కాలర్‌షిప్పులోంచి నెలకు ఐదొందల చొప్పున తీర్చాలన్నారు. బెండకాయ వద్దు, సొరకాయ, గుమ్మడికాయ అయితే ఎక్కువ మందికి వస్తుందని ఒకరు. ఉల్లిపాయలు తగ్గించడానికి వీల్లేదని ఇంకొకరు. చిట్టమ్మ వాళ్ళకు వీపు చేసి గిన్నెలు తుడుస్తూ అంతా వింది. ఒక్క లెక్కలోనూ తప్పు దొర్లలేదు.

రోజారమణి మాత్రం వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అంది: "రేపు ఆ అమ్మాయి చేతికి డబ్బివ్వను చిట్టమ్మా. మళ్ళీ ఏమైనా అయితే వాళ్ళ నాన్నకు నేనే జవాబు చెప్పాలి."

"దాని సేతికే ఇవ్వాలమ్మా. రూపాయంటే ఈ రోజు దానికున్న బయం ఇంకెవులికీ నేదు."

"నువ్వు ఉండవుగా రేపు" అంది రోజారమణి.

"ఉండనమ్మా. అందుకే అడుగుతన్నాను."

ఆదివారం తెల్లవారుజామున నాగశ్రీ, కీర్తన సంచులతో దిగారు. నాగశ్రీ నోట్లను రెండుసార్లు లెక్కపెట్టి లోపలి జేబులో పెట్టుకుని పిన్ను పెట్టేసింది.

"నువ్వు రావా పిన్నీ?"

"మీరెల్లండి. నాకు పనుంది."

వాళ్ళు గేటు దాటి, మలుపు తిరిగే దాకా చిట్టమ్మ గుమ్మంలోనే నిలబడింది. మలుపు దగ్గర నాగశ్రీ ఒకసారి ఆగి జేబు తడుముకుంది. చిట్టమ్మకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. లోపలికి వెళ్ళి పొయ్యి గట్టు తుడిచింది. ఇడ్లీలు హాట్‌బాక్సుల్లో సర్దింది. కొత్త వంటమనిషి కోసం గ్యాసు సిలిండరు మార్చి పెట్టింది. రెండు చీరల సంచి భుజాన వేసుకుని, వార్డెన్ తలుపు తట్టి చెప్పి, అచ్యుతాపురం వైపు వెళ్ళే బస్సు కోసం రోడ్డెక్కింది.

కిటికీ గట్టు మీద, రాత్రి ఆమె కోసి ఉప్పు కలిపిన నిమ్మకాయల జాడీ ఉంది. మూతికి కట్టిన తెల్లగుడ్డ మీద బొగ్గుతో వంకరటింకర అక్షరాలు: పదిహేను రోజులు ముట్టకండి. లోపల ముక్కలు ఇంకా గట్టిగా, పచ్చగా ఉన్నాయి. అడుగున అప్పుడే కొద్దిగా ఊట దిగుతోంది.