నెరీనాకు ఏది ఇష్టం

పరదేశులకు ఇటాలియన్ నేర్పే నెరీనా ఆ మధ్యాహ్నం ఇష్టాల పాఠం ఎత్తుకుంది. "కాఫీని నేను ఇష్టపడతాను అనం మేము. కాఫీ నాకు నచ్చుతుంది అంటాం. నచ్చే శ్రమంతా కాఫీదే, మీరు ఊరికే ఉంటే చాలు."

"హాయిగా ఉందే," అంది ముసలివాళ్ళను చూసుకునే పనిమీద సెర్బియా నుంచి వచ్చిన ద్రాగిత్సా. "మరి మీకేది నచ్చుతుంది టీచరుగారూ?"

"దువీలియో కాఫీ బార్‌లో కాపో."

"కాపోనా, దువీలియోనా?"

క్లాసంతా ఘొల్లుమంది. నెరీనా ముఖం కందిపోయింది.

కాపో అంటే పాలనురుగు వేసిన కాఫీ; ఆ బార్లో చిన్న గ్లాసులో పోసిస్తారు. ఆమెకు పాల వాసనే గిట్టదు. ఏళ్ళ కిందట, మొదటిసారి వెళ్ళినప్పుడు, బార్ నడిపే దువీలియో, పక్కనున్నవాడి గ్లాసు పొరపాటున ఆమె ముందు పెట్టి నవ్వాడు. ఆ నవ్వుకి నోరు పెగల్లేదు, తాగేసింది. ఈ త్రియెస్తే ఊళ్ళో ఒకసారి తాగితే ఇక అదే మీ కాఫీ. మర్నాటి నుంచి ఎవరూ అడగరు, మిమ్మల్ని చూడగానే చేసి పెడతారు. అదో మర్యాద! ఆ పాడు మర్యాద పుణ్యమా అని అతనితో నాలుగు మాటలాడే పనే పడలేదు ఆమెకు. రోజూ కళ్ళు మూసుకుని పాలు మింగింది. బార్ మూసే ఆదివారాలు ఏమీ తోచక, ఆ వీధిలోనే ఊరికే తిరిగొచ్చేది. అంత మనసు పడింది పిచ్చిది.

ఇప్పుడతను బార్ అమ్మేశాడు. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదని రేపు ఉదీనెలో చెల్లెలింటికి పోతున్నాడు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతుంది?

క్లాసు కాగానే వెళ్ళింది. కోటు విప్పేలోగా గ్లాసు సిద్ధం. నెరీనా దాన్ని వెనక్కి నెట్టింది.

"నాకు పాలు పడవు దువీలియో. నల్ల కాఫీ ఇవ్వండి."

"ఇన్నేళ్ళూ తాగారు కదండీ?"

"తాగాను. కాఫీ కోసం కాదు."

దువీలియో తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాడు.

"ఈ వీధిలో అందరి ఇష్టాలూ నాకు కంఠతా అనుకున్నాను," అన్నాడు. "మీది మాత్రం తెలుసుకోలేకపోయానన్నమాట."

"మరి మీకేది ఇష్టం?"

అతను తెల్లబోయాడు. కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి ఆ మాట ఎవరడుగుతారు? కప్పు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"మీరు ఆ తలుపు తోసుకుని లోపలికి రావడం," అన్నాడు. "చెప్పి ఏం లాభంలెండి. రేపటి నుంచి ఈ తలుపు నాది కాదు."

నెరీనాకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. ఇన్నేళ్ళు ఇద్దరూ మూగనోము పట్టి కూర్చుంటే ఏమవుతుంది మరి.

"ఉదీనెలో మీ చెల్లెలింటికి తలుపు లేదా ఏం?" అంది.